తమ్ముడి బండికి స్లైడర్లు

పొద్దున్న లేవగానే అక్క చేసే మొదటి పని కడుపు లోపలికి లాక్కోవడం. ముందు గదిలో తమ్ముడి బండి ఉంటుంది. వీధి ఇరుకు. బయట పెడితే వచ్చేపోయేవాళ్ళు రాసుకుపోతారని రాత్రిళ్ళు లోపలే పెడతాడు. హ్యాండిల్ ఒక కొస గోడకి ఆని ఉంటుంది, ఇంకో కొస తలుపుకి అడ్డం. అందుకని వీధి తలుపు సగమే తెరుచుకుంటుంది. వంటగదిలోంచి కుట్టుమిషను దగ్గరికి రావాలన్నా, గుమ్మం ఊడవాలన్నా, పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, అద్దానికి భుజం తగలకుండా జారుకుంటూ రావాలి. ఈ బండి వచ్చాక ఇంట్లో లావెక్కే యోగం ఎవరికీ లేకుండా పోయిందని అమ్మ అంటూ ఉంటుంది. అమ్మ మటుకు ఆ దారి ఎప్పుడో వదిలేసింది. వంటగదిలోనే మంచం వేయించుకుంది.

బండంటే అలాంటిలాంటి బండి కాదు. బోర్లా పడుకున్నట్టు ముందుకి వంగి నడిపే రేసు బండి. ఇంజను కనపడకుండా ఒంటినిండా నీలంరంగు తొడుగు. ఆదివారం వస్తే తమ్ముడు, తన లాంటివాళ్ళే ఇంకో నలుగురు కలిసి కొండదారికి పోతారు. అక్కడ మలుపుల్లో ఎవరి మోకాలు నేలకి దగ్గరగా వస్తుందా అని పోటీ. తమ్ముడు తరచూ పడతాడు. పడడమంటే అతని లెక్కలో లేచి నుంచోవడానికి ముందు చేసే పని, అంతే. బండి మీద ఒక్క గీత లేదు. తమ్ముడి ఒంటి మీదా లేదు. ముప్ఫై దాటిన మగవాడికి మోకాళ్ళు పసిపిల్లాడి బుగ్గల్లా ఉంటాయి.

గీతలన్నీ అక్క ఒంటి మీద ఉన్నాయి.

అది కొత్త సంగతేం కాదు. తమ్ముడు నెలల పిల్లాడప్పుడు అమ్మ పనికి పోతూ వాణ్ణి అక్క ఒళ్ళో కూర్చోబెట్టి, "చూసుకోవే" అని చెప్పి వెళ్ళింది. అక్క అప్పటికి ఇంకా జడ తనే వేసుకోలేని పిల్ల. వాడు మంచం మీంచి దొర్లి కిందపడ్డాడు. పడి, బోసినోటితో నవ్వాడు. అక్క నుదురు బొప్పి కట్టింది. తరవాత వాడు సైకిలు మీంచి పడితే సైకిలు బెల్లు కూడా సొట్టపోలేదు, ఇంట్లో గిన్నెలు తోముతున్న అక్క మోచెయ్యి చీరుకుపోయింది. బళ్ళో టీచరు అక్కని పిలిపించి, గాయానికి దూది అద్ది, "మీ తమ్ముణ్ణి కాస్త చూసి తొక్కమను" అని పంపించింది. వీధిలోవాళ్ళు కూడా అక్క చేతికి కొత్త కట్టు కనిపిస్తే, "ఈసారి ఎక్కడటమ్మా?" అంటారు. "కొండ కింది మలుపులో" అంటుంది అక్క. "అక్కడ ఇసుక ఉంటుంది మరి" అని వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. వీధి మొత్తానికి ఆమె అక్కే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

ఆ ఆదివారం అక్క దిండు గలీబులు కుడుతోంది. సూది పైకి లేచి కిందికి దిగేలోపల ఎడమ తుంటి దగ్గర్నించి మోకాలి దాకా భగ్గుమంది. కాలు మిషను మీంచి జారిపోయింది.

"పడ్డాడా?" అంది అమ్మ వంటగదిలోంచి.

"పడ్డాడు."

"ఏ పక్క?"

"ఎడమ పక్క. బాగా జారినట్టున్నాడు."

అమ్మ గోరువెచ్చటి నీళ్ళు పట్టుకొచ్చింది. వస్తూ పాత అలవాటుకొద్దీ బండి స్టాండునీ సైలెన్సరునీ తప్పుకుని, అక్కడ బండి లేదని గుర్తొచ్చి, తనలో తనే నవ్వుకుంది. అక్కకి నవ్వు రాలేదు. గలీబు చూసుకుంది. కుట్టు వంకర పోయి గుడ్డ చివరిదాకా పరుగెత్తింది.

ఆమె బాధంతా అదే. మంటకి అలవాటు పడింది. చెయ్యి అదరడానికే అలవాటు పడలేదు. పక్క ఊళ్ళో బస్సు సీట్లకి రెక్సిను కవర్లు కుట్టే పెద్ద షెడ్డు ఉంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ కత్తెర మేడం అంటారు. అక్క కటింగు చూసి ముచ్చటపడి ఒకసారి పనిలో పెట్టుకుంది. ఉండడానికి షెడ్డు వెనక గది కూడా ఇచ్చింది, కిటికీ ఉన్న గది. అక్క పొరల మీద పొరలు పేర్చిన రెక్సినుని పెద్ద కత్తెరతో కోస్తుండగా తమ్ముడు ఇక్కడెక్కడో పడ్డాడు. అక్క చెయ్యి ఎగిరింది, కత్తెర అడ్డంగా పోయింది, దొంతర మొత్తం పాడైంది. కత్తెర మేడం తిట్టలేదు. "నీ తప్పు కాదులే. కానీ ఇలా అయితే నేనెలా పెట్టుకోను?" అంది. అక్క సంచీ సర్దుకుని ఇంటికొచ్చి, మళ్ళీ బండి వెనక కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఇన్నాళ్ళకి మేడం మళ్ళీ కబురు పంపింది. కటింగు మనిషి మానేసిందట, సోమవారం నుంచి రమ్మంది. "ముందు మీ తమ్ముడి పడ్డం సంగతేదో తేల్చుకుని రా. ఈసారి కూడా పాడైతే మూడోసారి పిలవను" అని కూడా చెప్పించింది.

తమ్ముడు ఈల వేసుకుంటూ వచ్చాడు. బండిని ముందు గదిలోకి తోసి, అక్క కాలు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మందు, దూది ఎప్పుడూ తనే కొనుక్కొస్తాడు.

"రోడ్డు మీద నూనె ఉందక్కా. చూసుకోలేదు."

"ఎప్పుడు చూసుకున్నావు గనక. ఒరేయ్, రేపు కాదు, పై సోమవారం నేను పనిలోకి పోవాలి."

"వెళ్ళు. ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ వద్దనరు. నేను అక్కడ కోస్తుంటే నువ్విక్కడ పడతావు. బళ్ళకి స్లైడర్లని వస్తాయట కదా. పడితే బండి నేలకి తగలకుండా ముందు అవే తగిలి, అవే అరుగుతాయట. పక్కింటి వాళ్ళ అల్లుడు పెట్టించాడు."

తమ్ముడు బండి వైపు ప్రేమగా చూశాడు. "అవి బొడిపెల్లా బయటికి పొడుచుకొస్తాయి. అందం చెడిపోతుంది. అయినా నాకు స్లైడర్లెందుకక్కా, నువ్వున్నావుగా."

సరదాకే అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. అక్క తల దించుకుని, వంకరపోయిన కుట్టుని బ్లేడుతో ఒక్కొక్క దారం తెంపుతూ కూర్చుంది. అన్నీ తెంపేదాకా తల ఎత్తలేదు. గదిలో వేడెక్కిన ఇంజను వాసన. తలుపుకీ తనకీ మధ్య బండి. లేచి బయటికి పోదామన్నా ముందు వాడు లేచి బండి కదపాలి.

"నువ్వెళితే ఇక్కడ మాకెవరే?" అంది అమ్మ.

"ఇక్కడున్నా నేను ఈ బండి వెనకాలే కదా అమ్మా ఉండేది. కనపడను కూడా."

ఆ మాట వాడికి తగిలిందో లేదో తెలీదు. వారమంతా మామూలుగానే తిరిగాడు. శనివారం మాత్రం ఫోనులో ఏవో బొమ్మలు చూసి, "బంగారు రంగువి కూడా ఉన్నాయక్కా, బానే ఉన్నాయి" అన్నాడు. ఆదివారం కొండకి పోకుండా అక్కని వెనక ఎక్కించుకుని స్పేర్ పార్టుల షాపుకి తీసుకెళ్ళాడు.

షాపాయన పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. చేతులకి ఎప్పుడూ గ్రీజు. అక్కని చూడగానే స్టూలు వేసి, కాలికి కట్టున్న పక్క తగలకుండా దాన్ని తిప్పిపెట్టాడు. "కూర్చోమ్మా. ఎడమ పక్క పడ్డాడా?"

"అవునన్నా. స్లైడర్లు చూపించండి."

ఆయన అద్దాల బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. తమ్ముడి చెయ్యి తిన్నగా బంగారు రంగువాటి మీదకి పోయింది. పొడుగ్గా, మెరుస్తూ, చేతిలో బరువుగా ఉన్నాయి.

"అవి అల్యూమినియంవి బాబూ. చూడ్డానికి బావుంటాయి. కానీ లోహం నేలకి తగిలితే జారదు, పట్టుకుంటుంది. పైగా పొడుగు. ఏ రాయికో గుంతకో తన్నుకుందంటే బండి పల్టీ కొడుతుంది. బండి పల్టీ కొడితే..." ఆయన అక్క వైపు చూసి ఊరుకున్నాడు.

తమ్ముడు వాటిని మెల్లగా కింద పెట్టేశాడు. "మరి ఇవి?"

"ఇవి కొయ్యకుండా బిగించేవి. నీ బండికి బోల్టు తొడుగు లోపల ఉంటుంది కదా. తొడుగుకి చిల్లు పెట్టకుండా, ఇదిగో, ఈ బ్రాకెట్టుతో పక్కనుంచి చుట్టి బయటికి తెస్తారు. మామూలుగా పడితే ఫరవాలేదు. నువ్వు పడ్డట్టు పడితే బ్రాకెట్టు వంగుతుంది. వంగి లోపలికి తంతుంది. అప్పుడు దెబ్బ తోలు మీద ఉండదు బాబూ, ఎముకకి పోతుంది."

అక్క తెలియకుండానే పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుంది.

మూడో రకం నల్లగా, పొట్టిగా, దారపు రీలంత ఉన్నాయి. గట్టి నైలాను. "ఇవి నేల మీద జారతాయి, అరుగుతాయి. అరిగితే మార్చుకోవడమే. బోల్టు తిన్నగా ఇంజను పక్కకే పోతుంది, వంకర లేదు. నన్నడిగితే ఇవే పెట్టుకోమంటాను. కాకపోతే తొడుగుకి రెండు పక్కలా చిల్లు పెట్టాలి."

ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బండికి తగిలింది అక్కకి తగులుతుంది. మరి బండిని కోస్తే?

"కొయ్యడం అంటే పడ్డం కాదు కదా" అన్నాడు తమ్ముడు, ఎవరినీ చూడకుండా.

"ఏమో బాబూ. ఈ బండిని ఇంతవరకూ ఎవరూ కొయ్యలేదు. నేను మటుకు కొయ్యను. మీ అక్క పొట్టకి చిల్లు పెట్టే చెయ్యి నాది కాదు."

"నా వల్లా కాదు. వద్దులే అక్కా, బ్రాకెట్టువే తీసుకుందాం."

"అవి వంగితే లోపలికి తంతాయట, విన్నావుగా."

"అయితే ఏవీ వద్దు."

"ఏవీ వద్దంటే నేనే ఉండాలి" అంది అక్క.

గట్టిగా అనలేదు. ఆమె ఏదీ గట్టిగా అనదు. తమ్ముడు బల్ల మీదున్న బోల్టు ఒకటి తీసి అటూ ఇటూ దొర్లిస్తూ ఉండిపోయాడు. అక్క నల్లవాటిని చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్ళలో తగిలినవాటిలో ఒక్కటి కూడా ఆమెని అడిగి తగల్లేదు. దీనికైనా ముందుగా చూసుకుని, ఎంత వెడల్పో కొలుచుకుని, పళ్ళు బిగించుకుని కూర్చోవచ్చు. గుండ్రంగా రెండు చిల్లులు. ఆ తరవాత కిటికీ ఉన్న గది.

"డ్రిల్లు మిషను ఇవ్వండన్నా. నేను కోస్తాను."

షాపాయన వద్దనడానికి నోరు తెరిచి, ఆమె మొహం చూసి, లోపలికెళ్ళి డ్రిల్లు, దానికి తగిలించే గుండ్రటి రంపం తెచ్చాడు. ఇంజను ఆ బోల్టుల మీదే వేలాడుతుంది కాబట్టి రెండు పక్కలా ఒకేసారి ఊడదీయకూడదట. ముందు కుడిపక్క తొడుగు విప్పి, బోల్టు తీసి స్లైడరు బోల్టు వేసి చూపించాడు. తొడుగులో చిల్లు సరిగ్గా ఎక్కడ రావాలో మటుకు బయటనుంచి తెలియదు. అక్క సంచీలోంచి బట్ట మీద గీసుకునే సుద్దముక్క తీసింది. బోల్టు తలకి సుద్ద దట్టంగా రుద్ది, తొడుగుని దాని చోట్లో పెట్టి, అరచేత్తో నొక్కి తీసింది. లోపలి పక్క తెల్లటి చుక్క పడింది. కోటుకి గుండీ ఎక్కడ రావాలో చూసుకునేది అలాగే.

"భలే" అన్నాడు షాపాయన. "నేను అట్టముక్కలు కోసుకుని నానా తంటాలు పడతాను."

తొడుగుని పక్కనున్న చెక్కబల్ల మీద, చుక్క అంచు దాటి ఉండేలా బోర్లించారు. తమ్ముడు రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు. అక్క షాపాయన ఇచ్చిన ఎప్రాను ముడి బిగించి, అలవాటైన చోట మనసుని కూడా బిగించుకుని, రంపాన్ని సుద్దచుక్క మీద పెట్టి మీట నొక్కింది. నీలంరంగు పొడి సన్నగా లేచింది. ప్లాస్టిక్కు కాలిన వాసన. రంపం అవతలికి దిగిన కుదుపు చేతికి తెలిసింది. గుండ్రటి బిళ్ళ టక్కుమని నేల మీద పడింది.

అక్క కళ్ళు మూసుకుని కాచుకుంది. ఏమీ రాలేదు. ఎప్రాను కిందనుంచి చెయ్యి పెట్టి తడుముకుంది. తడి లేదు, మంట లేదు. కళ్ళు తెరిచి తొడుగు చూసింది. చిల్లు చిల్లులాగే ఉంది. ఆ బండి ఒంటి మీద నిలిచిన మొదటి గాయం అదే.

"అక్కా" అన్నాడు తమ్ముడు.

వాడు తొడుగు వదిలేసి నూనెడబ్బా మీద కూర్చున్నాడు. చొక్కా ఎత్తి చూసుకుంటున్నాడు. కుడిపక్క, పక్కటెముకల కింద, రంపమంత గుండ్రంగా తోలు లేచిపోయింది. చుట్టూ చిన్న చిన్న నెత్తుటి చుక్కలు పూసలు గుచ్చినట్టు నిలబడ్డాయి.

షాపాయన వంగి చూశాడు. "ఇటు తిరిగిందన్నమాట" అని దూది వెతకడానికి లోపలికి పోయాడు.

"మండుతోంది" అన్నాడు తమ్ముడు ఆశ్చర్యంగా.

"మండుతుంది."

"ఎంతసేపు?"

"రేపటికి పొర కడుతుంది. దురద పెడుతుంది కానీ గోకకు. చొక్కా అంటుకుంటే లాగకు, నీళ్ళు పోసి నాననివ్వు."

వాడు అన్నిటికీ తల ఊపాడు. కాసేపు గాయాన్నీ, కాసేపు అక్క చేతుల మీదున్న మచ్చల్నీ చూశాడు. అవి ఎన్నున్నాయో అప్పుడే కనిపించినట్టు చూశాడు. "నీకూ ఇలాగే ఉండేదా?"

"ఇది చిన్నదేరా" అంది అక్క.

షాపాయన కుడిపక్క స్లైడరు బిగించేశాడు. ఇంక ఎడమపక్క మిగిలింది. అక్క డ్రిల్లు చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఒక్క పక్క ఉంటే చాలదా అన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఎప్పుడూ ఈ పక్కకే పడతానని నాకు మాటిస్తే చాలు బాబూ."

చెప్పి ఒప్పించే ఓపిక అక్క దగ్గర చాలా ఉంది, ఎన్నో ఏళ్ళ ఓపిక. దాన్ని బయటికి తియ్యలేదు. తమ్ముడు ఎడమపక్క తొడుగు తనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. నూనెడబ్బా దగ్గరికి జరుపుకుని, దాని మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"కొయ్యి. మెల్లగా కొయ్యి."

"మెల్లగా కోస్తే ఎక్కువసేపు నొప్పి."

"అయితే గబగబా కొయ్యి."

అక్క కోసింది. వాడు కుయ్యిమన్నాడు. తనకే తగిలి ఉంటే పోయేదన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసి, చిల్లు అంచుని గరుకు కాయితంతో రుద్ది నునుపు చేసింది.

ఇంటికొచ్చాక అమ్మ కొడుకు పొట్ట చూసి, వంటగదిలో తన మంచం మీద కూలబడింది. కాసేపటికి అక్క వైపు నిష్ఠూరంగా చూసింది. "వాడికి అలవాటు లేదే."

"అలవాటవుతుందిలే అమ్మా."

సోమవారం పొద్దున్న తమ్ముడు బస్టాండులో దింపుతానన్నాడు. బండిని గుమ్మం దాటిస్తూ చీలమండ బండి ఫుట్‌రెస్టుకి కొట్టుకున్నాడు. అలాగే ఒంటికాలి మీద నుంచుని, చీలమండ పట్టుకుని, తోలు లేచిందా లేదా అని పరీక్షగా చూసుకున్నాడు. లేచింది. జాగ్రత్తగా బండి ఎక్కాడు. అక్క సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది.

బండి కదిలింది. కదిలిందని చెప్పాలి కాబట్టి చెప్పడమే. కూరల సంచీతో నడిచిపోతున్న ముసలాయన వాళ్ళని దాటి పోయాడు. బడికెళ్ళే ఆడపిల్లలు సైకిళ్ళ మీద కిలకిలలాడుతూ దాటి పోయారు. పరుగు కోసమే పుట్టిన ఇంజను గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గురగురలాడుతోంది. రెండు పక్కలా నల్లటి స్లైడర్లు.

"బస్సు పోతుందిరా."

"ముందు గుంత ఉందక్కా."

"అది గుంత కాదు, చెట్టు నీడ."

తమ్ముడు రెండు కాళ్ళూ నేలకి ఆనిస్తూ ఆ నీడని కూడా చుట్టి పోయాడు. వీపంతా బిగుసుకుపోయి ఉంది. మెడ మీద చెమట. ఒక్క వారం కిందట ఇదే వీధిలో మనుషులు గోడలకి అతుక్కుపోయేలా పోయినవాడు.

"కాస్త తొందరగా పోనీ."

"నిదానంగా పోదామక్కా" అన్నాడు తమ్ముడు. ఆమెకి తెలియని సంగతేదో జాగ్రత్తగా చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "పడితే తగులుతుంది" అన్నాడు.

అక్క వాడి వీపు వైపు చూస్తూ కొంతదూరం అలాగే కూర్చుంది. వీధి చివర పెద్ద రోడ్డు వచ్చింది. దూరంగా బస్టాండు, బయలుదేరడానికి ఉరుముతున్న బస్సు కనిపించాయి. అక్క వాడి భుజం తట్టి ఆపించి, దిగింది.

"నువ్వు మెల్లగా రా" అని చెప్పి, సంచీ భుజాన వేసుకుని నడిచింది. రోడ్డు వెడల్పుగా ఉంది. చేతులు రెండూ ఊపుకుంటూ నడవచ్చు. నడిచింది, తరవాత కాస్త పరుగెత్తింది. బస్సెక్కి, కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చుని, వెనక్కి చూసింది. బస్సు కదిలేటప్పటికి బండి ఇంకా వీధి చివరే ఉంది. తమ్ముడు ఒక కాలు నేలకి ఆనించి, అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసి, రోడ్డు ఖాళీ కావడం కోసం కాచుకుని ఉన్నాడు.